పచ్చిగానే మండే కట్టె

పోయిన సోమవారం మధ్యాహ్నం, నేను పనిచేసే హాస్టల్ వంటింట్లో పప్పుకి పోపు వేస్తుండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, మామ్మ ఎంత పిలిచినా లెగట్లేదే" అంది. ఆ గొంతు వినగానే నాకు విషయం తెలిసిపోయింది. కూర్మన్నపాలెంలో బస్సెక్కి కంచరపాలెం చేరేసరికి మా కాంపౌండు నిండా జనం. మా పక్కవాటా అప్ప అన్నం తిని కాసేపు నడుం వాల్చి, ఆ నిద్రలోనే వెళ్లిపోయింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. వయసులో ఆవిడ మా అమ్మకంటే పెద్దదే, అయినా కాంపౌండులో ఉన్న నాలుగు వాటాల వాళ్లకీ అప్పే. ఒక్క మా అమ్మాయికే మామ్మ.

అప్ప గురించి చెప్పాలంటే కట్టెల గురించి చెప్పాలి, వేరే దారి లేదు. ఆవిడ జన్మలో కట్టెలు కొని ఎరగదు. కొడుకు గ్యాస్ పెట్టిస్తే దాని మీద టీ మాత్రం కాచుకునేది. అన్నం, కూర, స్నానానికి నీళ్లు అన్నీ బయట రాళ్ల పొయ్యి మీదే. పొద్దున్నే నెత్తి మీద చుట్టకుదురు పెట్టుకుని బయల్దేరేది. "ముసలితనంలో ఈ తిరుగుడేంటి అప్పా" అంటే, "కట్టెలకి కాళ్లున్నాయేటే, నడుసుకుంటొచ్చి నీ గుమ్మంలో పడ్డానికి?" అనేది.

తీగలకి అడ్డమని కరెంటువాళ్లు కొమ్మలు కొట్టే రోజు ఆవిడకి పండగ. ఎవరు చెప్పేవారో ఏమో, మజ్జిగ చెంబుతో వాళ్ల కంటే ముందే ఆ వీధిలో ఉండేది. వాళ్లు తాగి చల్లబడ్డాక కొమ్మలు ఆవిడవే. నిలబడున్న చెట్టు మీద మాత్రం చెయ్యి వేసేది కాదు. "పడ్డది మనది. నిలబడ్డది దానిదే" అనేది. నేను ఆ మాటని చాలా చోట్ల వాడుకున్నాను, కట్టెలతో సంబంధం లేని చోట కూడా.

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. నేను ఏరింది ఏరినట్టు ఆవిడ తీసి పారేసేది. "అది గన్నేరే పిల్లా! అందర్నీ ఒకేపాలి సంపేత్తావేటి?" ఇంకోసారి మునగ కొమ్మ చూసి, "పొయ్యి ఆర్పడానికి ఇంట్లో నీళ్లున్నాయి కదే, దీన్ని మొయ్యడమెందుకు?" అంది. ప్లైవుడ్ ముక్క తెస్తే జిగురు కంపు అన్నానికి పడుతుందని, రంగేసిన చెక్క తెస్తే ఆ పొగ మంచిది కాదని గోల. ఒళ్లు మండేది నాకు. ఊరికే వచ్చేదానికి ఇన్ని వంకలా అనుకునేదాన్ని.

చుట్టుపక్కల ఎవరింట్లో పురుడొచ్చినా అప్ప పెట్టేది బట్టలు కాదు, ఎండు కట్టెల మోపు. "గౌన్లు అందరూ తెత్తారు. నీళ్లు కాగాలి కదా" అనేది. మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా ముందు మా గుమ్మంలోకి వచ్చింది ఆ మోపే.

నెలలు నిండకుండా పుట్టింది మా పిల్ల. పిడికెడు ప్రాణం. నాకు పాలు పడలేదు. డబ్బా పాలు బాగా మరిగించిన నీళ్లలోనే కలపాలని ఆసుపత్రిలో గట్టిగా చెప్పి పంపారు. ఇంటికొచ్చి వారం తిరక్కముందే పెద్ద తుఫాను పట్టుకుంది. రేకులు ఎగిరిపోయి అప్ప దాచుకున్న కట్టెలు, మా మోపుతో సహా, నానిపోయాయి. కరెంటు లేదు. నాలుగు వాటాల్లో ఉన్న రెండు సిలిండర్లూ అయిపోయాయి, దారులు మూసుకుపోయి కొత్తవి రావడం లేదు.

ఊరు నిండా చెట్లు పడిపోయాయి. జీవితమంతా కట్టెల కోసం తిరిగిన మనిషికి వీధి వీధంతా కట్టెలే, పొయ్యిలో పెడితే ఒక్కటీ అంటుకోదు. అప్ప ఊది ఊది కళ్లు ఎర్రగా చేసుకుంది. పొగ తప్ప మంట లేదు. ఒళ్లో పిల్ల ఏడుపు సన్నబడుతోంది. నా బిడ్డ నాకు దక్కదనే అనుకున్నాను.

అప్ప ఊదుగొట్టం పక్కన పడేసి లేచింది. "సరుగుడు ఎక్కడైనా పడిందేమో సూడాల" అని మా ఆయన్ని వెంట తీసుకుపోయింది. తరవాత జరిగింది ఆయన చెప్పగా విన్నదే. వేపలు, తురాయిలు, నిద్రగన్నేర్లు అన్నీ దాటుకుంటూ పోతూనే ఉందట. "ఇన్నుండగా ఇంకా ఎక్కడికప్పా?" అని ఈయన విసుక్కుంటే, "ఇయ్యి సూడ్డానికే కట్టెలు తమ్ముడూ. ఆరేదాకా పనికిరావు" అందట.

రైలు పట్టాల అవతల ఓ పాత గోడౌను వెనక సరుగుడు చెట్లు పడి ఉన్నాయి. కాపలా మనిషి అడ్డొచ్చాడు. "రోడ్డు మీదున్నయ్యి సాలవేటమ్మా? ఇదీ పచ్చిదే కదా."

"సరుగుడు పచ్చిదైనా మండుతాది నాయినా. పసిగుంటకి పాలు కలపాల."

అతను లోపలికెళ్లి కత్తి తెచ్చాడట, తనే నరికి ఇచ్చాడట.

వాటిని అప్ప వేలెడు సన్నంగా చీల్చింది. మా పెట్టె అడుగున వేసిన పాత పేపర్లు తీసి అంటించింది. ముందు బుస్సుమంది, తరవాత అంటుకుంది. పిల్ల గుటకలు వేస్తుంటే అప్ప దాని బుగ్గ మీద వేలు పెట్టి, "తాగే తల్లీ తాగు. సరుగుడు సెట్టులాగే ఎదుగుతావు" అంది. దారులు తెరుచుకునేదాకా రోజూ వెళ్లి తెచ్చింది. ఎప్పుడైనా నేను ఆ మాట ఎత్తబోతే, "సాల్లేవే, పనేటీ లేదా నీకు?" అని కసిరేది. ఆ పిల్ల ఇప్పుడు నాకంటే పొడుగు.

సోమవారం సాయంత్రం అప్పకి స్నానం చేయించే వేళయింది. చీకటి పడక ముందే తీసుకెళ్లాలని మగవాళ్లు తొందరపెడుతున్నారు. ఎవరో మేడమీద గీజరు నీళ్లు పట్టి తెస్తామన్నారు. మా అమ్మాయి వద్దని, తనే అప్ప పొయ్యి దగ్గర కూర్చుని మంట వేసింది. చిన్నప్పట్నుంచీ ఆ పొయ్యి పక్కన పెరిగిన పిల్ల, ఎవరి సాయమూ అడగలేదు.

"కాగినాయేటమ్మా?" అని గుమ్మంలోంచి అడిగారు.

"ఇంకా లేదు" అంది.

కాసేపటికి మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు. బండి వచ్చి నిలబడింది, నన్ను వెళ్లి చూడమన్నారు. వెళ్లాను. డేగిసా అంచుల మీంచి నీళ్లు పొర్లి పొయ్యిలో పడి చుయ్యిమంటున్నాయి. మా అమ్మాయి ఇంకో కట్టె లోపలికి తోసింది.

"ఇంకా కాగలేదమ్మా" అంది, నా వైపు చూడకుండా.