జనరేటరక్క పెట్టని సంతకం

ఆ షెడ్డులో నాలుగు ఇంటిబండ్లు ఉండేవి. ఇంటిబండి అంటే ముందు వ్యాను ఇంజన్, వెనక మంచాలు, పొయ్యి, చిన్న స్నానాలగది. కుటుంబమంతా ఎక్కి వారాల తరబడి తిరిగి రావచ్చు. వాటిని అద్దెకిచ్చేది బాబాయ్. వాటి ఇంజన్ల బాగోగులు చూసేది ఆయన అన్నకూతురు. నలభై రెండేళ్ళ మనిషి. నోరు విప్పిందంటే రోడ్డు అవతలి టీకొట్టు వాడు కూడా తలతిప్పి చూస్తాడు. అందరూ ఆమెను జనరేటరక్క అంటారు.

గొంతు వల్ల వచ్చిన పేరనుకుంటారు కొత్తవాళ్ళు. అది సగమే నిజం. ఇక్కడికి రాకముందు పదహారేళ్ళు ఆమె జనరేటర్లు అద్దెకిచ్చే కొట్లో పనిచేసింది. జనరేటర్ ఎక్కడికీ వెళ్ళదు, ఉన్నచోటే నిలబడి అరుస్తుంది. దానికి కిలోమీటర్లుండవు, గంటలే ఉంటాయి. ఇన్ని గంటలు తిరిగిందంటే ఆయిల్ మార్చాలి, అంతే. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా ఈ ఒక్క ముక్క మాత్రం ఆమె బుర్రలో దిగబడిపోయింది. కాలేజీలో నాలుగేళ్ళు కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

షెడ్డుకి వచ్చిన మొదటి వారమే నాలుగు బండ్లకీ గంటల మీటర్లు బిగించింది. బాబాయ్ పగలబడి నవ్వాడు.

"బండికి గడియారమెందుకే, ఆఫీసుకెళ్ళాలా ఏంటి?"

ఆమె నవ్వలేదు.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ప్రతి బండిలో డ్రైవర్ తలపైన ఒక అట్ట వేలాడుతుంది. బండి బయటికి వెళ్ళేముందు దానిమీద మెకానిక్ సంతకం పడాలి. పడకపోతే మీసాల డ్రైవర్ స్టీరింగ్ ముట్టుకోడు. ఈ పద్ధతి పెట్టింది బాబాయే. పెట్టినందుకు ఆ మధ్యాహ్నం తన్ను తానే తిట్టుకున్నాడు.

మూడో బండి నాలుగింటికి బయల్దేరాలి. ఒక ముసలావిడ, కొడుకు, కోడలు, ఇద్దరు పసిపిల్లలు, ఆరు రోజుల కొండదారి. ఇంజన్ వేడెక్కించి ఆపేశారు. అట్ట మాత్రం ఖాళీగా ఉంది.

"సంతకం పెట్టవే అమ్మాయ్, వాళ్ళొచ్చే టైమైంది."

"పెట్టను బాబాయ్. ఆయిల్ మార్చాలి, ఫిల్టర్ మార్చాలి."

"పదివేలకి కదా మార్చేది! తిరిగింది మూడువేలు. కళ్ళు పోయాయా?"

"ఉన్నాయి కాబట్టే గంటల మీటర్ చూశా. పోయినసారి ఆయిల్ మార్చాక రెండువందల అరవై గంటలు. పోయినసారి తీసుకెళ్ళినవాళ్ళు నది ఒడ్డున పదిహేను రోజులు బండి ఆపి, ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లోనే ఉంచారు. నూట ఎనభై గంటలు ఊరికే తిరిగింది."

"నిలబడ్డ బండికి అరుగుదలేంటే?"

"నిలబడింది బండి. ఇంజన్ కాదు. గంటకి నలభై కిలోమీటర్లు వేసుకో. నీ పదివేలు ఎప్పుడో దాటేశాం."

బాబాయ్ వేళ్ళు మడిచి లెక్కేశాడు. లెక్క తేలాక వేళ్ళు విప్పేసి, తేలనట్టు మొహం పెట్టాడు.

"సరే, వచ్చాక మారుద్దాం. ఫిల్టర్ కొత్తదేగా, మొన్ననేగా వేయించా!"

అక్కడే ఆమెకు ఒళ్ళు మండింది. ఆ 'మొన్న' మూడు నెలల కిందటిది. ఆమె జ్వరంతో పడుకున్న వారంలో బాబాయ్ ఎక్కడినుంచో చవకరకం ఫిల్టర్ల పెట్టె తెచ్చి, పక్కవీధి మెకానిక్‌తో ఒకటి వేయించాడు. అప్పటినుంచి పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ నాలుగు సెకన్లు గలగలమంటోంది. ఈ బండిలో ఫిల్టర్ అడ్డంగా ఉంటుంది. ఇంజన్ ఆగాక అందులోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా లోపల ఒక రబ్బరు మూత కాపలా ఉండాలి. అది సరిగా లేకపోతే ఆయిల్ పైకి చేరేదాకా ఇనుము ఇనుముని రాసుకుంటుంది.

"ఫిల్టర్ మరచుట్లు సరిపోయాయి కదే!" అన్నాడు బాబాయ్.

"నా చెప్పు నీ కాలికీ సరిపోతుంది. వేసుకుని తిరుగుతావా?"

మీసాల డ్రైవర్ దగ్గు నటించి అటు తిరిగాడు.

"సంతకం పెడతావా, తాళాలు అక్కడ పెట్టి ఇంటికి పోతావా? రెండిట్లో ఒకటి చెప్పు."

ఆమె రెండూ చెప్పలేదు. గుడ్డ చేతికి చుట్టుకుని బండి కిందికి దూరి, ఫిల్టర్ ఊడదీసి బయటికొచ్చింది. ఇక ఆ బండి గేటు కాదు గదా, గజం కూడా దాటదు. ఆ ఫిల్టర్‌ని బెంచీకి బిగించి, రంపంతో డబ్బా కోసి, లోపలి మడతల కాగితాన్ని పాత పేపర్ మీద పరిచి ఎండలోకి జరిపింది. నల్లటి జిడ్డులో సన్నగా మెరుపులు.

"ఏంటది?" అన్నాడు బాబాయ్, తెలిసే.

"నీ ఇంజన్."

తర్వాత పెట్టెలోంచి కొత్తది ఒకటి తీసి దాన్నీ కోసింది. లోపలి రబ్బరు మూతని వేలితో వంచింది. బిస్కెట్‌లా విరిగి కింద పడింది. మీసాల డ్రైవర్ ఆ ముక్క ఏరుకుని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"అక్కా, దీన్నేసుకునా నేను కొండెక్కాల్సింది? పసిపిల్లల్ని పెట్టుకుని?"

"వాణ్ణి రెచ్చగొట్టకు! మిగతావి బాగానే ఉంటాయి, ఒకటి తీసి వేయి," అన్నాడు బాబాయ్.

మిగతావి పది. ఆమె ఒక్కొక్కటే బెంచీ మీద పెట్టి, స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో కొట్టింది. ఠప్. ఠప్. అయిదో దానికి బాబాయ్ చెయ్యి పట్టుకోబోయాడు. సుత్తి చూసి ఆగాడు.

"నా సొమ్మే అది!"

"తెలుసు. దాచి ఉంచితే నేను లేని రోజు మళ్ళీ వేయిస్తావ్."

పదో దానికీ బొక్క పడింది.

"రేపట్నుంచి రాకు," అన్నాడు బాబాయ్. "నా అన్న కూతురివని ఊరుకున్నా ఇన్నాళ్ళు. రాకు."

"సరే. ఆ పళ్ళెం ఇటు తోయి, ఆయిల్ వేడిగా ఉండగానే దించాలి. చల్లారితే మడ్డి అడుగునే ఉండిపోతుంది."

పళ్ళెం తోసింది మీసాల డ్రైవర్. చివరి చుక్క కారేదాకా ఆమె బండి కిందే ఉంది. పొద్దున తన డబ్బుతో కొనుక్కొచ్చిన ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ రాసి చేత్తో బిగించింది. బండి పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే పోసింది. స్టార్ట్ చేస్తే గలగల ఒక్క క్షణం వినబడి ఆగింది. అప్పుడు అట్టమీద సంతకం పెట్టి, కింద రాసింది: "రెండువందల గంటలు, లేదా ఎనిమిదివేల కిలోమీటర్లు, లేదా సంవత్సరం. ఏది ముందొస్తే అది."

బండి నాలుగున్నరకి వెళ్ళింది. ముసలావిడ ఆలస్యానికి సణిగింది. బాబాయ్ క్షమాపణ చెప్పాడు, జనరేటరక్క వైపు చూడకుండా.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బాబాయ్ వచ్చేసరికి షెడ్డు తీసే ఉంది, రెండో బండి బానెట్ లేచి ఉంది. దాని వెనకనుంచి స్పానర్ చప్పుడు.

"రావద్దన్నాగా!"

"విన్నా బాబాయ్. ఈ బండి గంటలెన్నో చూశావా?"

బాబాయ్ బండి కిటికీలోంచి మీటర్ కోసం తొంగిచూశాడు.

"చూడలేదుగా. అందుకే వచ్చా."