కొంగలూ, కెమెరా క్లబ్బూ

తొంభైల చివర్లో మా ఆయనకి కొంగల పిచ్చి పట్టింది. ఆయన గుంటూరులో ఒక బ్యాంకులో పనిచేసేవారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. అప్పటిదాకా ఆయనకి పేకాట లేదు, సిగరెట్టు లేదు. ఇంత నెమ్మదస్తుడైన అల్లుడు దొరికాడని మా అమ్మ కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకునేది. బ్యాంకులో ఎవరో బదిలీ మీద వెళ్తూ తన కెమెరా, దాంతోపాటు ఒక పొడుగాటి లెన్సు ఈయనకి అంటగట్టి పోయారు. మొదట నన్ను ఫొటోలు తీశారు. నేను కుదురుగా ఉండనని విసుక్కున్నారు. ఆ తర్వాత గంటలకొద్దీ ఒంటికాలి మీద నిలబడగలిగేవాటిని వెతుక్కుంటూ బయల్దేరారు.

నల్లపాడు దాటి స్కూటర్ మీద ఇంకొంచెం పోతే, ఒక ఊళ్ళో ఇళ్ళ మధ్య చెరువుండేది. దాని నడుమ మట్టిదిబ్బల మీద తుమ్మచెట్లు. చలికాలం వస్తే చాలు, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు ఒకే చెట్టు మీద అంతస్తులవారీగా కాపురాలు పెట్టేవి. పై అంతస్తువాళ్ళు చేసే పని కింది అంతస్తు నెత్తిన పడేది. ఆ వాసన ఫొటోల్లో రాదు కనక చెబుతున్నాను: ఎండుచేపల కొట్టుకి పచ్చిసున్నం వేసినట్టుంటుంది.

మనిషి కనపడితే పక్షులు బెదురుతాయని మా ఆయన ఎక్కడో చదివారు. మిర్చి యార్డులో తెలిసినవాళ్ళని అడిగి పాత గోనెసంచులు తెచ్చి, నాచేత కుట్టించి, ఒక మనిషి పట్టే గుడారం తయారుచేశారు. సంచులు దులిపాం, ఉతికాం, ఎండేశాం. కానీ గుంటూరు మిరపకాయ ఒకసారి సంచిలో కాపురం ఉందంటే అంత తేలిగ్గా ఖాళీచేసే రకం కాదు. తెల్లారుతుండగా గట్టు మీద గుడారం వేసి, ఆయన గంభీరంగా లోపలికి దూరారు. కాసేపటికి గుడారం తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. మూడోసారికి చెరువు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. మా ఆయన కళ్ళు చింతనిప్పులు చేసుకుని బయటికొచ్చి, తలెత్తి, అదే పనిగా షట్టర్ నొక్కారు.

గట్టు పక్క ఇంట్లో ఉండే ఒక పెద్దావిడ ఇదంతా చూసి నా దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, మీ ఆయనకి ఒంట్లో బాగోలేదా? ఇంటికి తీసుకుపోరాదూ?"

"కొంగల్ని ఫొటో తీస్తున్నారండీ."

"వీటినా? నా కళ్ళంలో మిరపకాయల మీద రెట్టలేసి చంపుతన్నాయి. కావాలంటే మొత్తం తోలుకుపొండి!"

రీలు కడగడానికిస్తే స్టూడియో అతను మర్యాదగానే అడిగాడు. "సార్, అన్నీ తోకలే వచ్చాయి. ప్రింట్లు వేయమంటారా?"

అయినా ఆయన మానలేదు. ఆయన లెన్సుతో కుస్తీ పడుతున్నంతసేపూ నేను గట్టు మీద కూర్చుని ఊరికే చూస్తుండేదాన్ని. ఎర్రకాళ్ళ కొంగల్లో ఆడేదో మగేదో చూసి చెప్పడం కష్టం. ఒకటి ఎంతో దూరం పోయి పుల్ల తెస్తుంది. రెండోది దాన్ని అటు పెట్టి, ఇటు పెట్టి, నచ్చక జారవిడుస్తుంది. పక్కింటివాళ్ళు వంగి ఆ పుల్ల ఎత్తుకుపోతారు. నాకిది టీవీ సీరియల్ కంటే బాగుండేది. ఆదివారం వచ్చిందంటే ఆయన కంటే ముందు నేనే చెప్పులేసుకునే దశకి వచ్చాను.

అప్పుడే క్లబ్బు తగిలింది. కెమెరాలున్న పెద్దమనుషులు కొందరు కలిసి పెట్టుకున్న క్లబ్బది. ప్రెసిడెంటు గారు పొగాకు వ్యాపారి. ఆయన లెన్సు రోకలంత ఉండేది. దాన్ని మొయ్యడానికి ఒక మనిషి, నిలబెట్టడానికి మూడుకాళ్ళ స్టాండు. ప్రెసిడెంటు గారి పని కన్ను పెట్టడం వరకే. ఆదివారం పొద్దున్న వీళ్ళంతా 'పక్షి ప్రేమికులు' అని గుడ్డ బ్యానరు కట్టిన వ్యానులో దిగేవాళ్ళు. ముందు ఇడ్లీలు దిగేవి. తర్వాత నిశ్శబ్దంగా ఉండమని ఒకరినొకరు కేకలేసుకునేవాళ్ళు. పక్షులు లేచిపోయేవి. అప్పుడు కాఫీలు తాగేవాళ్ళు. మా ఆయన పొంగిపోయి ఆ క్లబ్బులో చేరారు. నాకు ప్రవేశం లేదు గానీ ఇడ్లీ పెట్టేవాళ్ళు.

మార్చి వచ్చింది. ఎండ ముదిరింది. గట్టుకి ఆనుకుని గుబురుగా ఉన్న ఒక తుమ్మచెట్టు మీద ఎర్రకాళ్ళ కొంగ గూడుంది. అందులో మూడు పిల్లలు, తెల్లటి దూదిపింజల్లా. కొమ్మ నీడలో ముక్కులు మాత్రం బయటపెట్టి అరుస్తుండేవి. ప్రెసిడెంటు గారు రోకలి అటు తిప్పి, కన్నుపెట్టి, నిట్టూర్చారు.

"అద్భుతమైన ఫ్రేమండీ. ఆ కొమ్మొక్కటే అడ్డం వస్తోంది."

లెన్సు మోసే మనిషి పెద్దావిడ ఇంటికెళ్ళి కొడవలి కట్టిన గెడ అడిగాడు. ఆవిడ సంబరంగా ఇచ్చింది. "ఆ కొమ్మేంటి, చెట్టంతా కొట్టెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటది" అంది.

నేను ఉండబట్టలేక అడిగాను. "కొమ్మ తీసేస్తే గూడు మీద ఎండ పడదా అండీ?"

"ఎండ కావాలమ్మా. లైటింగు లేకపోతే ఎలా?" అన్నారాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు.

కొమ్మ విరిగి నీళ్ళలో పడింది. గూట్లో ఉన్న కొంగ లేచిపోయి, చాలాసేపు పైన తిరిగి, మళ్ళీ వచ్చి వాలింది. పిల్లలు వేడికి నోళ్ళు తెరిచేశాయి. అప్పుడది రెక్కలు రెండూ బార్లా చాపి, వాటికి అడ్డంగా నిలబడింది. ఎండ ఎటు తిరిగితే అది అటు తిరిగింది. క్లబ్బంతా ఒక్కసారిగా మీదపడి ఫొటోలు తీసింది. మా ఆయన మాత్రం కెమెరా సంచిలోంచి తియ్యలేదు.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి గూడు ఖాళీగా ఉంది. ఎండకి పోయాయో, గద్ద తన్నుకుపోయిందో తెలియదు. పెద్దావిడని అడిగితే "నేనేమన్నా కావలి కూర్చున్నానా?" అని కాయలు తిరగేసుకుంది.

ఆ వేసవిలో క్లబ్బు వాళ్ళు ఎగ్జిబిషన్ పెట్టారు. ప్రెసిడెంటు గారు తీసిన, రెక్కలు చాపిన కొంగ ఫొటో నిలువెత్తున నిలబెట్టి, కింద 'మాతృప్రేమ' అని రాసి, దండ కూడా వేశారు. మొదటి బహుమతి దానికే. జడ్జిగా వచ్చిన రిటైర్డు డ్రాయింగు మాస్టారు మైకు ముందు కళ్ళు ఒత్తుకున్నారు. కన్నబిడ్డల కోసం మండుటెండని వీపున మోస్తున్న ఈ మూగజీవిని చూసి మనుషులు నేర్చుకోవాలన్నారు. అది తల్లే అయ్యుండక్కర్లేదనీ, తండ్రి కూడా కావచ్చనీ చెప్పి ఆయన దుఃఖానికి అడ్డుపడటం నాకిష్టం లేకపోయింది. ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చన్నారు. నేను లేచాను.

"నీడకి ఒక కొమ్మ ఉండాలి కదండీ అక్కడ. అదేమైంది?"

ప్రెసిడెంటు గారు చిరునవ్వుతో మైకు అందుకున్నారు. "మేడమ్ గారు చాలా సూక్ష్మంగా చూశారు. కళలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అనేదే ముఖ్యం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కూడా కలిపే కొట్టినట్టున్నారు.

ఇంటికొస్తూ సగం దారిలో మా ఆయన స్కూటర్ వేగం తగ్గించారు.

"అందరి ముందూ అలా అడక్కుండా ఉండాల్సింది" అన్నారు.

"నిజమే. మీరు అడగాల్సింది."

ఆయన స్కూటర్ పక్కకి ఆపారు. దెబ్బలాడతారనుకున్నాను. హెల్మెట్టు తీసి, ముఖం తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని స్టార్ట్ చేశారు. మర్నాటి నుంచి క్లబ్బుకి పోవడం మానేశారు. ఎవరైనా అడిగితే నడుంనొప్పి అని చెప్పేవారు. నడుంనొప్పితోనే ఆదివారాలు నన్నెక్కించుకుని చెరువుకి వచ్చేవారు.

మాతృప్రేమ అక్కడితో ఆగలేదు. ఒక పురుగుమందుల డీలరు దాన్ని కేలెండరుగా వేయించాడు. పైన రెక్కలు చాపిన కొంగ, కింద పత్తిలో పచ్చపురుగుని మట్టుపెట్టే మందు డబ్బా. ఆ ఏడాది ఏ రైతు ఇంటికెళ్ళినా గోడకి అదే. మా ఆయన పనిచేసే బ్యాంకుకీ ఒక కట్ట పంపారు. మా ఆయన ఒకటి ఇంటికి తెస్తే, నేను దాన్ని తిప్పి వంటింటి అరలో పరిచాను. కాగితం మంచిది, నూనె పీల్చదు.

మళ్ళీ చలికాలానికి పక్షులు వచ్చాయి గానీ గట్టు పక్క చెట్టు మీద ఒక్కటీ గూడు పెట్టలేదు. క్లబ్బు వాళ్ళు వ్యానులో వచ్చి, అదే చోట స్టాండు వేసి, ఇడ్లీలు తిని, చాలాసేపు చూశారు. దారిన పోతూ మేము కనపడితే ప్రెసిడెంటు గారు మా ఆయనతో వాపోయారు.

"వీటికి బొత్తిగా నిలకడ లేదండీ. ఇంత పేరు తెచ్చిపెడితే ఈసారి చెట్టే మార్చేశాయి."

ఆ ఏడు పోటీకి ప్రెసిడెంటు గారే జడ్జి. మా ఆయన చెప్పాపెట్టకుండా ఒక ఫొటో పంపారు. అది కొన్నాళ్ళకి తిరిగొచ్చింది. వెనకాల ఎర్రసిరాతో రాసుంది: 'కొమ్మలు అడ్డం వచ్చాయి. భావం కనపడలేదు.'

నేనప్పుడే ఆ ఫొటో మొదటిసారి చూశాను. ఫ్రేము నిండా తుమ్మకొమ్మలు, ముళ్ళు, ఆకులు. వెతగ్గా వెతగ్గా, మధ్యలో ఆకుల సందునుంచి ఒక పసుపుపచ్చ ముక్కు, దాని కింద తెల్లగా ఏదో.

"ఇది పెద్దది చేయించండి" అన్నాను.

"దీన్నా? ఇందులో ఏం కనపడదుగా?" అన్నారాయన. కానీ సాయంత్రానికే స్టూడియోకి పరిగెత్తారు.

అది మా హాల్లో టీవీ పైన చాలా ఏళ్ళుంది. ఆయన డిజిటల్ కెమెరా కొని ఎన్నో పక్షుల్ని స్పష్టంగా తీశాక కూడా దాన్ని దించలేదు. ఇంటికొచ్చినవాళ్ళు తుమ్మచెట్టు ఫొటో ఎందుకు పెట్టుకున్నారని అడిగేవాళ్ళు. మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్ళి, ముక్కు ఎక్కడుందో చిటికెనవేలితో ఓపిగ్గా చూపించేవారు. సగం మందికి అప్పటికీ కనపడేది కాదు. కనపడిందనే చెప్పేవాళ్ళు, కాఫీ చల్లారుతోందని.