సలోమి టీచరు డ్రమ్స్‌కి రెండు మైకులు

విజయవాడలో ఒక ప్రైవేటు రికార్డింగ్ స్టూడియోలో సీనియర్ రికార్డిస్టుగా ఉన్నప్పుడు, రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉందనగా, ఒక ఆగస్టు నెలలో నన్ను జగ్గయ్యపేట పంపారు. అక్కడ ఒక చర్చి వాళ్లు ప్రార్థన హాలు వెనక గదిలో పాటలు రికార్డు చేసుకునే ఏర్పాటు పెట్టుకుంటున్నారు. సామాను ఎంపిక చేసి, బిగించి, వాడటం నేర్పి రావాలి. పది రోజుల డ్యూటీ. జాబితాలో మొదటిది డ్రమ్స్‌కి ఓవర్‌హెడ్ మైకులు, అవీ వాళ్లకి అందే ధరలో.

ఓవర్‌హెడ్స్ అంటే డ్రమ్మరు తలకి కాస్త పైన, రెండు స్టాండ్ల మీద నిలబెట్టే జత మైకులు. ఒక్కో డ్రమ్ముకి ఒక్కో మైకు విడిగా పెట్టినా, వాయిద్యం మొత్తం ఒకటిగా వినపడేది వీటిలోనే. చవక మైకులతో చిక్కు సింబల్స్ దగ్గర వస్తుంది. ఆ ఇత్తడి పళ్లేల మోత చాలా మైకుల్లో నూనెలో పోపు పడ్డట్టు చిటపటలాడుతుంది.

మా స్టోరులోంచి, తెలిసిన షాపులోంచి మూడు జతలు అడిగి తెచ్చుకున్నాను. కమిటీ సెక్రటరీ యేసుపాదం గారు కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి మైకులు కొనడమే ఇష్టం లేదు. “కీబోర్డులో రిథమ్ ఉంటుంది కదండి. మీట నొక్కితే అదే వాయిస్తది. ఈ తంటా అంతా ఎందుకు?” అన్నారు. శనివారం పొద్దున పరీక్ష పెట్టి, వినిపించాకే నిర్ణయం అని ఒప్పించాను.

వాయించడానికి వచ్చిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. సలోమి గారు. నందిగామలో లెక్కల టీచరు. ప్రతి ఆదివారం బస్సులో వచ్చి ఈ చర్చిలో డ్రమ్స్ వాయిస్తారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇదే చర్చి పాటల ఆల్బమ్ మా స్టూడియోలో చేశాం. అప్పుడు వాయించింది ఆవిడే. ఆవిడ వెళ్లిపోయాక ఆ డ్రమ్స్ అన్నీ తీసేసి, మిషను దరువు పెట్టింది నేను. ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ కర్రలు చేతిలోకి తీసుకుని, మామూలుగా పాఠం చెప్పినట్టే అన్నారు. “పోయినసారి క్యాసెట్లో... కాదు, సీడీలో వాయించింది నేను కాదు కదండి.”

“కాదండి,” అన్నాను.

“ఎందుకు తీసేశారు?”

“అప్పటి మైకులు బాగోలేదండి. పళ్లేల మోత పాడైపోయింది.”

అది నిజమే, సగం.

మొదటి జత పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో చర్చి పాట వినిపిస్తుంటే ఆవిడ వాయించింది రికార్డు చేశాం. మోత తళతళలాడింది. కమిటీ వాళ్లందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. సలోమి గారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని తల అడ్డంగా ఊపారు. “ఇసుక పోసినట్టుందండి. నా పళ్లెం ఇట్లా మోగదు.” రెండో జతలో మైకుల సొంత గుసగుసే ఎక్కువ వినపడింది. మూడో జత పెన్సిళ్లంత సన్నం, అన్నిటికన్నా చవక. అందులో మోత మెత్తగా ఉంది కానీ, డబ్బాలో వాయించినట్టుంది. పైగా మధ్యలో వినపడాల్సిన స్నేర్, అంటే వాయించేవాళ్ల ముందుండే చిన్న డ్రమ్ము, కుడిపక్కకి ఒరిగింది.

తప్పు మైకుది కాదు, బిగింపుది. పురికొస తెచ్చి స్నేర్ నడుమ నుంచి ఒక్కో మైకుకీ కొలిచాను. కుడిది జానెడు దగ్గరగా ఉంది. దగ్గరున్న మైకుకి దెబ్బ ముందు చేరుతుంది కాబట్టి శబ్దం అటే మొగ్గుతుంది. రెండూ సమానం చేశాను. డబ్బా మోతకి కారణం నెత్తిన ఉన్న రేకులు. సంఘంలో ఆడవాళ్లు ఇళ్లకెళ్లి నాలుగు పాత బొంతలు తెచ్చారు. వాటిని మైకుల పైన దూలాలకి కట్టాం. ఆ బొంతల్లోని నాఫ్తలీన్ ఉండల వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. హైవే మీద సిమెంటు లారీల వరస ఆగిన సందు చూసి మళ్లీ రికార్డు చేశాం.

సలోమి గారు ఈసారి కళ్లు మూసుకుని విన్నారు. “ఇది నాదే,” అన్నారు. తర్వాత చెయ్యెత్తి, రెండో చరణం మళ్లీ పెట్టమన్నారు. మూడుసార్లు విన్నారు. ముఖం మారిపోయింది.

“నేను పరిగెడుతున్నానండి ఇక్కడ. పాట కంటే ముందుకెళ్లిపోతున్నా.”

నేను పాట ఆపాను.

“అప్పుడు కూడా ఇంతేనా? అందుకేనా తీసేసింది?”

“అవునండి. మైకులూ బాగోలేదు, కానీ ముఖ్యంగా అందుకే.”

“చెప్తే ఏమయ్యేదండి? బడిలో పిల్లలకి తప్పెక్కడో చెప్పకుండా నేనే లెక్క చేసి మార్కులేస్తే ఊరుకుంటారా? ఎనిమిదేళ్లు ఆదివారం ఆదివారం అదే తప్పు వాయించా.” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

“బాధపెట్టడం ఇష్టంలేక,” అన్నాను. నిజానికి చెప్పే ధైర్యం లేక, టైము లేక, మిషను చేతికి అందుబాటులో ఉండటం వల్ల. ఆ మాటా చెప్పేశాను.

యేసుపాదం గారు మెల్లిగా, అయితే కీబోర్డే తీసుకుందామా అన్నారు. “వద్దండి. నాకు నెల టైమివ్వండి,” అన్నారు సలోమి గారు. కమిటీ మూడో జత కొనడానికి ఒప్పుకుంది. మెట్రోనోమ్, అంటే టిక్ టిక్ మని కాలం కొలిచి చెప్పే పరికరం, ఎట్లా వాడాలో ఆవిడకి చూపించి నేను విజయవాడ వెళ్లిపోయాను.

నెల తర్వాత సెలవు పెట్టుకుని, నా సొంతానికి వెళ్లాను. అవే మైకులు, అదే గది. రెండో చరణం నిలకడగా సాగింది. ఒక్కచోట మాత్రం కొంచెం తొందర పడ్డారు, ఆవిడే ఆపి మళ్లీ వాయించారు. ఆ పాటలో నేను ఏమీ మార్చలేదు.

మిగిలిన నా ఉద్యోగ కాలంలో, వాయించినవాళ్లకి చెప్పకుండా ఎవరి వాయింపూ తీసెయ్యలేదు. అందువల్ల ఇద్దరు ముగ్గురు నా మీద అలిగి వేరే స్టూడియోకి వెళ్లారు. మైకుల విషయంలో నేర్చుకున్నది ఇది: ధరని బట్టీ, మొదట విన్న తళుకుని బట్టీ ఎంచుకోకూడదు. వాయించేవాళ్లకి తమ వాయింపు ఉన్నదున్నట్టు వినిపించే జత చవకదైనా చాలు. రికార్డిస్టు పని కూడా అదే.