పిన్ని కుడిచేయి

నా చిన్నప్పుడు మా పిన్ని చేతికి కూడా కళ్ళు ఉంటాయని నమ్మేదాన్ని. నరసాపురం పక్కన మా ఊళ్ళో ఆడవాళ్ళు మధ్యాహ్నం గిన్నెలు కడిగేసుకుని అరుగుల మీద చేరి లేసు అల్లేవాళ్ళు. చేతిలో కొసన చిన్న కొక్కెం ఉన్న సూది, ఒళ్ళో దారపుండ. కబుర్లు ఎటో వెళ్తుండేవి, చూపు వీధి మీద ఉండేది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. అందరిలోకీ మా పిన్నిది మంచి చేయి అని పేరు. నేను పక్కన కూర్చుని పనికి అడ్డం పడుతుంటే సూది పక్కన పెట్టి నాతో ఒక ఆట ఆడేది. కళ్ళు గట్టిగా మూసుకుని కుడిచేయి చాపేది. అందులో నేను ఏదో ఒకటి పెట్టాలి. చింతగింజో, గురివింద గింజో, చొక్కా బొత్తామో. వేళ్ళ మధ్య ఒక్కసారి తిప్పి చెప్పేసేది. ఒకసారి ఆమెను ఎలాగైనా ఓడించాలని చింతగింజను అరుగుకేసి అరగదీసి, బొత్తాంలా పలచన చేసి పెట్టాను. "నీ వేషాలు నా దగ్గరా? చింతగింజే. ఇంకా చురుక్కుమంటోంది" అని నవ్వేసింది.

కొన్నాళ్ళకి ఆ చేతికి రాత్రిపూట తిమ్మిర్లు మొదలయ్యాయి. నిద్రలోంచి లేచి కూర్చుని చేయి విదిలించుకునేది. కాసేపటికి తగ్గేది. తెల్లవారితే మళ్ళీ మామూలే, మా ఆటలో ఎప్పటిలాగే ఆమెదే గెలుపు. ఏళ్ళ తరబడి ఒకే తీరున తిప్పడం వల్ల మణికట్టు దగ్గర ఇరుకులో నరం నలుగుతోందని ఇప్పుడైతే నేను చెప్పగలను. అప్పట్లో దిష్టి అన్నవాళ్ళు ఉన్నారు, వాతం అన్నవాళ్ళు ఉన్నారు. పిన్ని పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న పక్కింటి అక్కకి కూడా అదే బాధ ఉండేది.

మా మావయ్య పట్నంలో పేరున్న సర్జన్. అమ్మకీ పిన్నికీ ఒక్కరే అన్నగారు. తాతయ్య పోయాక పిన్ని పెళ్ళి చేసింది ఆయనే. మా ఇంటికి వచ్చినప్పుడల్లా స్టెతస్కోపు నా మెడలో వేసి, "డాక్టరమ్మగారూ, నాకు గుండె ఉందో లేదో కాస్త చూసి చెప్పండి" అనేవారు. నేను గంభీరంగా విని, ఉందని చెప్పేదాన్ని. నేను డాక్టర్ని కావాలనుకున్నది ఆయన్ని చూసే. కాబట్టి మావయ్యే స్వయంగా పిన్ని చేతికి ఆపరేషన్ చేస్తానంటే మా ఇంట్లో రెండో మాట లేదు.

కట్టు విప్పాక పిన్ని బొటనవేలు మిగతా వేళ్ళకి ఎదురు రావడం మానేసింది. చూపుడువేలికీ మధ్యవేలికీ స్పర్శ లేదు. పొయ్యి మీద గిన్నె పట్టుకుంటే కమురు వాసన వచ్చేదాకా చేయి కాలుతున్నట్టు తెలిసేది కాదు. వేడి అన్నం అమ్మే కలిపి పెట్టేది. నరం మెల్లగా మేలుకుంటుందన్నారు మావయ్య. ఏడాది తిరిగినా మేలుకోలేదు. నేను చింతగింజ పట్టుకెళ్తే పిన్ని, "తర్వాత ఆడదాంలేవే" అనేది. సూదీ మళ్ళీ పట్టుకోలేదు.

అప్పుడే కాకినాడ మెడికల్ కాలేజీ నుంచి ఒక డాక్టరుగారు మా ఊరు వచ్చారు, నడివయసు ఆవిడ. లేసు అల్లేవాళ్ళ చేతులు చూసి, పని వల్ల నరాలు ఎలా దెబ్బతింటున్నాయో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి తర్వాత ఏ ఇబ్బందులు వస్తున్నాయో పరిశోధన చేయడం ఆవిడ పని. ఈ కబురు తెలిసి మావయ్య ఆవిడని తన కారులోనే తీసుకొచ్చారు. మన ఊరికి వచ్చిన పెద్దమనిషిని మనింట్లో భోంచేయించకుండా పంపిస్తామా? అమ్మ పనసపొట్టు కూర వండింది. భోజనాలయ్యాక మా అరుగు మీదే కుర్చీ వేశారు. పక్కన ఇంకో కుర్చీలో మావయ్య. ఆడవాళ్ళు కొత్త మనిషి ముందు సిగ్గుపడుతుంటే, వాళ్ళ బదులు ఆయనే జవాబులు చెబుతూ వచ్చారు. సాయం చేస్తున్నారనే అందరూ అనుకున్నారు. ఆయన్ని ఎదురుగా పెట్టుకుని అడగకూడదని ఆ డాక్టరుగారికీ తోచలేదు. భోజనం పెట్టిన మనిషిని అవతలికి వెళ్ళమని ఎవరంటారు?

పిన్ని వంతు వచ్చింది. కళ్ళు మూసుకోమని, వేళ్ళ మీద దూదితో రాసి, గుండుసూదితో ఆనించి చూశారు డాక్టరుగారు. పిన్ని కదల్లేదు.

"ఇది ఆపరేషన్‌కి ముందునుంచీ ఉందాండీ, తర్వాత వచ్చిందాండీ?"

పిన్ని కళ్ళు తెరిచి మావయ్య వైపు చూసింది.

"ముందే పోయిందండి" అన్నారు మావయ్య. "చిన్నప్పట్నుంచీ లేసు అల్లిన చేయి కదండీ. బాగా ముదరబెట్టుకుని వచ్చింది నా దగ్గరికి. అంతేగా అమ్మా?"

"అవునన్నయ్యా" అంది పిన్ని.

నేను నోరు తెరిచాను. అమ్మమ్మ వెనకనుంచి నా భుజం పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. ఇంటిగుట్టు లంకకు చేటని, పెద్దవాళ్ళ మాటల్లోకి వెళ్ళకూడదని చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఆపరేషన్ ముందు రోజు కూడా ఆ చేయి నా గురివింద గింజని కనిపెట్టింది. అది నాకు తెలుసు, పిన్నికి తెలుసు, మావయ్యకి అందరికంటే బాగా తెలుసు. పెద్దవాళ్ళు అబద్ధాలాడతారని నాకు తెలియకపోలేదు. మా మావయ్య ఆడతారని తెలియదు. అదీ తన చెల్లెలి చేయి ఎదురుగా పెట్టుకుని, ఆమె నోటితోనే ఔననిపించి.

అక్కడితో అయిపోలేదు. కారెక్కబోతూ ఆయన పిన్నిని పక్కకి పిలిచారు. పక్కింటి అక్క వచ్చే సోమవారం ఆయన దగ్గర ఆపరేషన్‌కి వస్తోంది. "పిల్ల భయపడుతోందమ్మా. నువ్వు చేయించుకున్నదానివి, ఓ మాట చెప్తే ధైర్యంగా వస్తుంది" అన్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. పిన్ని తలూపింది. ఆ రోజు నాకు పిన్ని మీద కూడా కోపం వచ్చింది. ఆవిడా వాళ్ళ జట్టేననుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అక్క వచ్చింది. చేయించుకోనా అత్తయ్యా అని అడిగింది. పిన్ని నన్ను పిలిచి, గింజల డబ్బా తెమ్మంది. కళ్ళు మూసుకుని ముందు ఎడమచేయి చాపింది. చింతగింజ పెడితే చింతగింజ అంది, బొత్తాం పెడితే బొత్తాం అంది. అక్క నవ్వింది. తర్వాత కుడిచేయి చాపింది. నేను చింతగింజ పెట్టాను. పిన్ని అలాగే కూర్చుంది. బొటనవేలు ముందుకు రావాలని చూసి రాలేకపోయింది. గింజ జారి అరుగు మీద పడి దొర్లింది.

"పెట్టవేం? పెట్టు" అంది పిన్ని, కళ్ళు తెరవకుండానే.

అక్క నవ్వు ఆగిపోయింది. ఆపరేషన్‌కి ముందు మా ఆట రోజూ చూసిన మనిషి ఆమె. పిన్ని కళ్ళు తెరిచి, అరుగు మీద గింజని చూసి, "మా అన్నయ్య గురించి నా నోటితో నేనేం చెప్పలేనే తల్లీ. నా చేతిని నువ్వే అడుగు" అంది.

అక్క సోమవారం పట్నం వెళ్ళలేదు. వాళ్ళ నాన్నగారు కాకినాడలో ఆ డాక్టరమ్మగారి దగ్గరికే తీసుకెళ్ళారు. మణికట్టు కదలకుండా చెక్కబద్ద కట్టి, కొన్నాళ్ళు పని మాన్పించి, ఆ తర్వాతే అక్కడ ఆపరేషన్ చేశారు. ఇప్పుడు అక్కకి మనవలున్నారు. వాళ్ళకి అన్నం ముద్దలు కలిపి పెట్టే చేయి అదే.

నేను డాక్టర్నయ్యాను. ఆపరేషన్ల తర్వాత వచ్చే ఇబ్బందుల మీద పరిశోధన చేయడమే నా ఉద్యోగమైంది. మేనకోడలు నా పోలికే అని మావయ్య అందరికీ గర్వంగా చెప్పుకునేవారు. నేను ఔననలేదు, కాదనలేదు. కత్తి కింద నరం తెగడం ఎంత జాగ్రత్తపరుడికైనా జరగవచ్చని ఇన్నేళ్ళలో తెలుసుకుని, దాన్ని ఎప్పుడో క్షమించాను. ఆ అరుగు మీద చెప్పిన మాటని క్షమించలేదు. ఆయన పోయాక కూడా క్షమించలేదు. ఆనాటి డాక్టరమ్మగారి పరిశోధనలో మా పిన్ని చేయి ఇప్పటికీ పని వల్ల పాడైన చేతుల లెక్కలోనే ఉంది. ఆ లెక్క చదివి ఎందరు డాక్టర్లు ఏమేం నేర్చుకున్నారో నాకు తెలియదు.

ఇప్పటికీ నా గదిలోకి పేషెంటు రాగానే వెంట వచ్చినవాళ్ళని బయట కూర్చోమంటాను. అన్నగారైనా, భర్తగారైనా, ఆపరేషన్ చేసిన డాక్టరుగారైనా సరే. కొందరు నొచ్చుకుంటారు. అమ్మా, ఆవిడకి మాట్లాడటం రాదండీ, నేను చెప్తాను కదా అంటారు. పర్లేదండీ అని తలుపు వేస్తాను. సొరుగులోంచి చింతగింజ తీసి, కళ్ళు మూసుకోమని, చేతిలో పెడతాను. ఆ తర్వాత నేనేమీ మాట్లాడను.