అవనిగడ్డలో దొరికిన ఇంజను

ఈ ప్రయాణం గురించి మా వాకర్స్ క్లబ్ వాట్సాప్ గ్రూపులో నేను ఇదివరకే ఒకసారి రాశాను. చాలామంది చదివారు. దండాలు పెట్టే బొమ్మలు, కండలు చూపించే బొమ్మలు బోలెడన్ని వచ్చాయి. యాత్రలు రాసేవాడికి తను వెళ్ళిన దారిలో ఇంకెవరైనా వెళ్తే బాగుండునని ఉంటుంది. నా కోరిక తీరింది. మొన్న ఆదివారం మా క్లబ్ వాళ్ళు ముగ్గురు కారేసుకుని అవనిగడ్డ వెళ్ళారు. నేను రాసిన చెరకు రసం బండి దగ్గర ఆగారు. రసం తాగలేదు. ఇంజనుకి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, బండి నడిపే నాగమణి గారిని "ఈ దొంగ ఇంజను ఎవరి దగ్గర కొన్నావమ్మా?" అని పదిమందిలో అడిగి వచ్చారు. ఆ ఫొటోలు గ్రూపులో పెట్టి, "మీ తరఫున గట్టిగా నిలదీశాం సార్" అని నాకు రాశారు కూడా.

అది దొంగ ఇంజనని వాళ్ళకి చెప్పింది నేనే. అది అబద్ధం. అందుకని అదే ప్రయాణాన్ని, అదే గ్రూపులో, ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మొదటిదానికన్నా ఇందులో సాహసం తక్కువ. క్షమించాలి.

ఆ ఇంజను అసలు ఉండాల్సిన బండి, అంటే మా ఇంట్లోని పాత మోటారు సైకిలు, మా మావగారిది. చల్లపల్లిలో ఎరువుల కొట్టు నడిపే రోజుల్లో కొన్నారు. ఆయన పోయాక నాకొచ్చింది. గుణదలలో మా అపార్ట్‌మెంట్ కింద దాన్ని నిలబెట్టి, ఆదివారాలు గుడ్డ పెట్టి తుడుస్తూ, వచ్చేపోయేవాళ్ళకి "ఇప్పుడిలాంటివి రావండీ" అని చెప్పడం తప్ప నేను దానికి చేసిన సేవ ఏమీ లేదు. ఒకరోజు నా భార్య పద్మ, "ఆ గుడ్డ కాస్త పక్కన పెట్టి కాగితాలు చూడండి" అంది. చూస్తే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు దాటి మూడు నెలలైంది.

ఆర్టీఓ ఆఫీసుకి పరీక్షకి తీసుకెళ్ళాను. అక్కడి అధికారి ఇంజను మీద మట్టి గోకి, అంకెలు చూసి, ఆర్సీ చూసి, మళ్ళీ అంకెలు చూశాడు.

"ఈ ఇంజను ఈ బండిది కాదండీ."

"మరి దేనిదండీ?"

"అది మీరు చెప్పాలి."

మా మావగారి బండి ఎప్పుడూ చూసింది అవనిగడ్డ మెకానిక్ మస్తాన్ గారు. ఫోన్ చేస్తే ఆయనకి వెంటనే గుర్తొచ్చింది. "పాత ఇంజనులో బలం తగ్గిందని మీ మావగారే మార్పించారండీ. అది ఇక్కడే ఉంది. బ్రహ్మాండంగా తిరుగుతోంది, రండి" అన్నాడు. మూల పడి ఉండాల్సిన ఇంజను ఎందుకు తిరుగుతోందని నేను అప్పుడే అడగాల్సింది.

ఇప్పుడున్న ఇంజనుకి బిల్లు చూపిస్తే దాని నంబరే ఆర్సీలో ఎక్కిస్తారట. మా మావగారు బిల్లులు దాచే మనిషి కాదు. కాబట్టి నేనొక ఉపాయం ఆలోచించాను. పాత ఇంజను బిగించి, పరీక్షలో చూపించి, ఫిట్‌నెస్ తీసుకుని, మళ్ళీ విప్పేయడం. మొదటిసారి రాసినప్పుడు దీన్నే "అసలు ఇంజను పునరుద్ధరణ" అన్నాను.

బండిని మినీ వ్యానులో ఎక్కించి పంపమని పద్మ చెప్పింది. మంచి సలహానే. కానీ వ్యానులో వెళ్తే గ్రూపులో రాయడానికేముంటుంది? శనివారం ఉదయం ఆరున్నరకి హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగి, "ఒంటరిగా బయలుదేరుతున్నా, ఫిట్‌నెస్‌తో తిరిగొస్తా" అని పెట్టాను. నిజానికి వెనక సీట్లో పులిహోర డబ్బాతో పద్మ ఉంది. "మా నాన్న బండిని ఎక్కడ పారేసి వస్తారో చూడాలిగా" అని తనే ఎక్కింది. ఫొటోలో పడకుండా నేనే జాగ్రత్తపడ్డాను.

కంకిపాడు దాటాక ఒక కానిస్టేబుల్ ఆపి కాగితాలు చూశాడు.

"ఫిట్‌నెస్ అయిపోయింది కదండీ. ఎక్కడికి?"

"ఫిట్‌నెస్ కోసమేనండీ."

"ఆ ఆఫీసు వెనక్కి కదా ఉంది. మీరు బందరు వైపు పోతున్నారు."

నేను ఇంజను సంగతి మొదటి నుంచీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని పద్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు దిగి బస్సెక్కండి. పోతే ఆయనొక్కడే పోతాడు."

"అలవాటైపోయిందండీ" అంది పద్మ. ఆయన నవ్వి వదిలేశాడు. మొదటి కథనంలో ఇక్కడ నేను చట్టం గురించి మాట్లాడి ఆయన్ని ఒప్పించినట్టు ఉంటుంది.

ఎనిమిదింటికి పామర్రు. సెంటర్లో పెసరట్టు బాగుంది, అల్లం చట్నీ ఇంకా బాగుంది. హోటలాయన బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి, "ఇది ఇంకా నడుస్తోందా?" అన్నాడు. "చూస్తున్నారుగా" అన్నాను. "ఆగి ఉంది కదండీ" అన్నాడు. అక్కడి నుంచి కూచిపూడి మీదుగా చల్లపల్లి దాకా కోసేసిన చేలు, నీళ్ళు వదలని కాలవలు, మొహానికి కొట్టే వేడిగాలి. చల్లపల్లిలో మావగారి కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. పద్మ కాసేపు ఆపమంది. ఆపాను. దిగి చూసి, మళ్ళీ ఎక్కింది.

పదింటికి అవనిగడ్డ చేరాం. మస్తాన్ గారు షెడ్డులో స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇంజను ఎక్కడని అడిగితే చేతిలో గ్లాసుతోనే రోడ్డు అవతలికి చూపించాడు. నీలం పట్టా కింద చెరకు రసం బండి. దాని పక్కన బిగించి, బెల్టు తగిలించిన ఇంజను. నడివయసు మనిషి ఒకావిడ, ఆవిడే నాగమణి గారు, అప్పుడే దానికి బొట్టు పెట్టి అగరొత్తులు తిప్పుతోంది.

"మీ ఇంజనేనండీ" అంది, నేను నోరు తెరవకముందే. మస్తాన్ గారు చెప్పి ఉంచాడు. "మీ మావగారిచ్చారు. బండిని లాగలేకపోతోంది, చెరకు లాగుతుందేమో చూడమ్మా అన్నారు. లాగింది."

"ఊరికే ఇచ్చేశారా?"

"ఊరికే ఎందుకిస్తారండీ. ఇటొచ్చినప్పుడల్లా పెద్ద గ్లాసు తాగేవారు. ఆయన తాగిన దానికి ఇంకో ఇంజను కూడా రావాలి నాకు. షుగరుంది, మా అమ్మాయికి తెలియనివ్వకు అనేవారు."

"మా దగ్గర కాకరకాయ రసం తాగేవాడు" అంది పద్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. నేను పని మీద వచ్చాను.

"ఒక్క రోజుకి కావాలండీ" అన్నాను.

"పరీక్ష ఎప్పుడు?"

"మళ్ళీ స్లాటు దొరకాలి. వారం, పది రోజులు."

"మీ ఒక్క రోజు బాగా పెద్దదండీ."

మస్తాన్ గారు నన్ను పక్కకి పిలిచాడు. ఆవిడ భర్త సముద్రం మీదికి వేటకి వెళ్తాడు. ఇవి వేట నిషేధం రోజులు, పడవ ఒడ్డునే ఉంది. ఈ రెండు నెలలూ ఆ ఇంటికి ఈ రసమే ఆధారం. అంతా విన్నాను. విని, ఆర్సీ తీసి ఆవిడకి చూపించాను. ఇంజను నంబరు మీద వేలు పెట్టి మరీ చూపించాను. ఈ ముక్క రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం అందుకుంది. "ఆయన పేరే ఉంది. కాదని నేనెందుకంటాను? మస్తాన్ గారూ, విప్పండి. ఈ కోసిన చెరకు మీరూ, ఈ సారూ కూర్చుని నమలండి."

"వద్దండీ, పోదాం పదండి" అంది పద్మ. నేను వినలేదు. ఆ తర్వాత పద్మ నాతో మాట్లాడలేదు. పట్టా కింద నాగమణి గారి పక్కన కూర్చుని పులిహోర ఇద్దరికీ పెట్టింది. నాకు డబ్బా మూత మిగిలింది.

మా బండిలో ఇంజను విప్పి పక్కన పెట్టి, రసం బండిది విప్పి ఇందులో పెట్టేసరికి మూడు దాటింది. మంచి ఎండ వేళ. బస్టాండు వైపు నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే బండి ముందు నిలబడి, "రసం లేదా?" అనేవారు. "ఇంజను ఊరెళ్తోందండీ" అని ప్రతి ఒక్కరికీ చెప్పేది నాగమణి గారు. వాళ్ళంతా రోడ్డుకి ఇవతల ఉన్న నా వైపు చూసేవారు. ఐసు గోనెపట్టాలోనే కరిగి, బండి కింద కాలవ కట్టింది.

బిగించాక ఇంజను స్టార్టయింది. గర్వంగా ఉంది, పొగ కూడా బాగానే వచ్చింది. పద్మ ఎక్కనంది. ఒక్కణ్ణే కాలవ వంతెన దాకా వెళ్ళాను. వంతెన పెద్ద ఎత్తేమీ కాదు, సైకిళ్ళు తొక్కుతూనే ఎక్కేస్తున్నాయి. సగంలో బండి ఆగి వెనక్కి జారింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ జారింది. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకాయన మేకల్ని ఆపి, "ముందు మీరు దిగిపోండి బాబూ, అవి బెదురుతున్నాయి" అన్నాడు. దిగి, అంతమందీ చూస్తుండగా బండిని తోసుకుంటూ షెడ్డుకి వచ్చాను.

"అది చెరకే లాగుతుందండీ" అంది నాగమణి గారు. "ముందే చెప్పాగా."

పరీక్షలో బండిని నడిపి చూపించాలి. నడిచే ఇంజను అక్కడ చెల్లదు, చెల్లే ఇంజను నడవదు. మస్తాన్ గారు మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. రసం బండికి దాని ఇంజను తిరిగి బిగించేసరికి ఐదున్నర. నాగమణి గారు బెల్టు తగిలించి, వాడిపోయిన చెరకు రెండు గడలు పెట్టి, గ్లాసు నా చేతికిచ్చింది.

"బోణీ మీరే చేయండి. సాయంత్రం ఐదున్నరకి బోణీ నేనెప్పుడూ చూడలేదు. మీ పుణ్యమా అని అదీ చూశాను."

డబ్బులిచ్చి తాగాను. అల్లం, నిమ్మకాయ వేసింది. చాలా బాగుంది.

బండి మాట పద్మే తేల్చింది. "ఇక్కడే వదిలేద్దాం. నాగమణి గారి ఇంజను ఎప్పుడైనా ఆగితే, దీనిది తీసి పెట్టండి మస్తాన్ గారూ." బండి వాళ్ళ నాన్నది, నేనేం మాట్లాడతాను? పద్మ ముందుకు చెరకు ముక్కల సంచి ఒకటి తోసి, "దారిలో నమలండమ్మా" అంది నాగమణి గారు. నాకు ఇవ్వలేదు.

ఆరింటికి విజయవాడ బస్సు దొరికింది. పద్మకి ఉచితం, నాకు టిక్కెట్టు. నా ఒళ్ళో హెల్మెట్ చూసి పక్క వరసలో ఆయన, "పెట్టుకోండి పర్లేదు, ఈ డ్రైవరు గట్టివాడే" అన్నాడు. మోపిదేవి దాటేసరికి గ్రూపులో మెసేజీలు వరసగా వస్తున్నాయి. "సార్, ఫిట్‌నెస్ వచ్చిందా?" "ఎక్కడిదాకా వచ్చారు?" "రేపు పార్కులో సన్మానం."

వంతెన ఎక్కలేక బండిని వదిలేసి బస్సులో వస్తున్నానని రాయొచ్చు. ఆ ముక్క రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ధైర్యం కావాలి. నేను వేరేది టైప్ చేయడం మొదలుపెట్టాను. నా అసలు ఇంజనుని ఎవరో కాజేశారని, వెతగ్గా వెతగ్గా అవనిగడ్డ బస్టాండు రోడ్డులో ఒక చెరకు రసం బండికి దొరికిందని, అది తేలేదాకా బండిని అక్కడే ఉంచాల్సి వచ్చిందని. కథ చల్లపల్లి నుంచి పామర్రు దాకా బాగా నడిచింది. ఎక్కడా ఎత్తు తగల్లేదు.

పామర్రులో బస్సు ఆగినప్పుడు పద్మకి మెలకువ వచ్చింది. ఇంజను విప్పించినప్పటి నుంచీ నాతో మాట్లాడని మనిషి, నా ఫోను చూసి అడిగింది.

"ఏం రాస్తున్నారు?"

"ఈ ప్రయాణం గురించి."

"రసం బాగుందని రాయండి. మనవల్ల ఇవాళంతా ఆవిడకి బేరం పోయింది. మీవాళ్ళెవరైనా అటు వెళ్తే తాగుతారు."

"సరే" అన్నాను. అని, పంపించేశాను.

ఇప్పుడు రాస్తున్నాను. అవనిగడ్డ బస్టాండు రోడ్డులో, మస్తాన్ గారి షెడ్డు ఎదురుగా, నీలం పట్టా కింద చెరకు రసం చాలా బాగుంటుంది. ఆ ఇంజను మా మావగారు ఇష్టపడి ఇచ్చింది, అది నాగమణి గారిది. వెళ్ళేవాళ్ళు ఫొటోలు తీయకండి, తాగండి. నేను రేపు పొద్దున మొదటి బస్సుకి వెళ్తున్నాను, ఆవిడ ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పడానికి. పద్మ కూడా వస్తానంది, కాకపోతే ముందున్న ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంటుందట.