చిన్నదాని వంతు అయిదు వందల నామాలు

ముగ్గురు పిల్లలకు ఒక్క తల్లి పాలు చాలవని నాతో అననివాళ్ళు లేరు. ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ అంది. మమ్మల్ని ఇంటికి తెచ్చిన ఆటో అతను అన్నాడు. మూలకుళంలో మా మేడ మెట్లు ఎక్కుతుండగానే కింది వాటా పిన్ని అంది. సరిపోయాయి. ఆరు నెలలు నిండేదాకా ముగ్గురూ నా పాలే తాగారు. గర్వం మంచిది కాదని మా భజన మండలిలో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అయినా స్వామి ఇచ్చినదాన్ని ఇచ్చాడని చెప్పుకోవడం తప్పు కాదని నా నమ్మకం.

ముత్తియాల్‌పేటలో ఒక బట్టల కొట్టు మీది హాలులో ప్రతి శనివారం సాయంత్రం మా ఆడవాళ్ళ మండలి కూడుతుంది. అందరం ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదువులు మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగాయి కనుక తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్ళు మాలో ఇద్దరు ముగ్గురికి మించి లేరు. నేను పదేళ్ళప్పుడు మండలిలోని ఒక ముసలమ్మ దగ్గర పలక మీద దిద్దుకున్నాను. ఆమె పోయాక నామాల పుస్తకం నా చేతికొచ్చింది. నేను ముందు చదువుతాను, మిగతావాళ్ళు గొంతు కలుపుతారు. అయిదింటికి స్వామివారి వెయ్యి నామాలు మొదలుపెడితే అయిదున్నరకు హారతి. ఏ శనివారమూ ఆ లెక్క తప్పలేదు.

మా అత్తకు ఒక్క అక్షరం రాదు. వెయ్యి నామాలూ తన అత్త నోట విని నేర్చుకుంది. నలభై ఏళ్ళుగా ముందు వరుసలో చోటు ఆమెది. నాకేమో పుస్తకం ఎదురుగా ఉంటే గాని నాలుగు శ్లోకాలు దాటి సాగదు. పెళ్ళయిన కొత్తలో దీని మీదే ఒకరినొకరు దెప్పుకునేవాళ్ళం.

"నీ బక్తి కాగితంలో ఉండాది పాపా. కాగితం తడిస్తే పాయె" అనేది అత్త.

"మీది గాలిలో ఉండాది అత్తా. గట్టిగా గాలొస్తే పాయె" అనేదాన్ని నేను.

పిల్లలు నెలలు నిండకముందే పుట్టారు. ఇద్దరు మగపిల్లలు, చివరన ఆడపిల్ల. చిన్నది అన్నలిద్దరి కంటే బాగా తేలిక. ఇరవై నాలుగో రోజున మమ్మల్ని ఇంటికి పంపుతూ పిల్లల డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి వంతులు నేర్పింది. మగపిల్లలిద్దరినీ చెరో చంక కింద దిండ్ల మీద పడుకోబెట్టుకుని ఒకేసారి పట్టాలి, పదిహేను నిమిషాలు. ఆ తర్వాత చిన్నది ఒక్కతే, రెండు వైపులా, ఇంకో పదిహేను నిమిషాలు.

"దానికి చీకే బలం తక్కువ. మొదటి పాలు జోరుగా వస్తే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. వెనక వచ్చేవి చిక్కగా ఉంటాయి, అవి నిదానంగా తాగనివ్వు. నిద్రపోతే అరికాలు గిల్లి లేపు. దాని పదిహేను నిమిషాలు మాత్రం తగ్గించకు" అంది.

పక్కన నిలబడి విన్న అత్త ముఖం వెలిగిపోయింది. "ఇంకేమమ్మా! మొదటి అయిదు నూర్లు మగపిల్లకాయలకి, రెండో అయిదు నూర్లు చిన్నదానికి. పారాయణం ముగిసేదానికి పాలూ ముగుస్తాయి."

ఇంట్లో గడియారం లేక కాదు. అది హాలులో ఉంది. ఫోను వెలుతురు పసిపిల్లల కళ్ళ మీద పడకూడదని అత్త దాన్ని గదిలోకి రానిచ్చేది కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె గొంతు వింటే ముగ్గురూ ఏడుపు ఆపేవాళ్ళు. పాలు తాగే బిడ్డ చెవిలో స్వామి పేరు పడుతుంటే ఇంకేం కావాలి అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

మా ఇంట్లో నలభై ఒక్క రోజులు బాలింత పూజ సామాను తాకకూడదు, పుస్తకమూ ముట్టకూడదు. నామం పలకడానికి మాత్రం అడ్డు లేదు. "మైల చేతికే గాని నోటికి కాదు" అని అత్త తీర్పు. అందుకని పుస్తకం దేవుడి గూటిలోనే ఉండిపోయింది. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేదాన్ని. అత్త చిన్నదాన్ని ఒళ్ళో ఊపుతూ సగం నామాలు చెప్పి, మగపిల్లల్ని తీసి పడుకోబెట్టి, చిన్నదాన్ని నాకందించి మిగతా సగం అందుకునేది. రోజుకు ఎనిమిది సార్లు. అరవై రెండేళ్ళ మనిషి. గొంతు బొంగురుపోతే రెండు మిరియాలు నమిలి మళ్ళీ మొదలుపెట్టేది. మెంతులు, వెల్లుల్లి, మునగాకు లేకుండా నాకు ఒక్క ముద్ద పెట్టేది కాదు. పిళ్ళైచావడి నుంచి వీధిలోకి వచ్చే చేపలమ్మ మేం చేప తినమని తెలిసీ మెట్ల కింద నిలబడి, పాలసొర తినకుండా ముగ్గురికి పాలు యాడ్నించి వస్తాయని అరిచి మరీ పోయేది.

మొదటి వారం తూకానికి తీసుకెళితే మగపిల్లలిద్దరూ చక్కగా బరువెక్కారు. చిన్నదాని అంకె కదలలేదు. రెండో వారం కూడా అంతే. డాక్టరమ్మ తూకం మీది నుంచి బిడ్డను తీసి నా చేతికిస్తూ, "నీకు పాలు లేవని అనను. అన్నలు ఎక్కుతున్నారు కదా. దీనికే అందడం లేదు. వచ్చే మంగళవారం దాకా చూస్తాను. అప్పటికీ ఎక్కకపోతే డబ్బా పాలు కలపాల్సిందే. బిడ్డ కంటే నీ పంతం పెద్దది కాదు" అంది.

ఆ మాటలో తప్పు లేదు. తల ఊపాను. డబ్బా పాలు పాపమని నేనెప్పుడూ అనుకోలేదు. మండలిలో ఎందరో పిల్లలు వాటితోనే పెరిగారు. కానీ అన్నలిద్దరికీ దక్కింది దీనికి ఎందుకు దక్కడం లేదన్నదే నన్ను కోసింది. నా ఒంట్లో ఉన్న పాలు నా ఒళ్ళో ఉన్న బిడ్డకు చేరడం లేదంటే, లోపం ఎక్కడుంది?

కింది వాటా పిన్ని విషయం తెలుసుకుని పైకొచ్చింది. "ఆడబిడ్డే గదా వదినా, దానికి డబ్బా పోసేయండి. మగపిల్లకాయలకైనా నిండుగా దొరకతాయి" అంది మా అత్తతో.

అత్త మునగాకు దూయడం ఆపలేదు. "ఏంది వదినా ఆ మాట? నువ్వు ఆడబిడ్డగా పుడితే మీయమ్మ నీకు డబ్బానే పోసిందా? అందుకేనా నోరు ఇట్లుండాది?"

పిన్ని మళ్ళీ వారం రోజులు మెట్లెక్కలేదు.

ఆ రోజుల్లోనే మా ఆయన ఒక మాట అన్నాడు. ఆయన కరెంటు లైన్‌మన్. మధ్యాహ్నం ఇంటికొచ్చి, హాలులో కూర్చుని అన్నం తినేవాడు. "ఏంది మా, ఈ మధ్య పారాయణం రైలు మాదిరి పోతాంది? నేను సాంబారన్నం ముగించేలోపలే నువ్వు ముగించేస్తాండావు?"

"రోజుకి ఎనిమిది తూర్లు చెప్తే నాలిక పదునెక్కదా రా?" అంది అత్త. ముగ్గురం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు చురుక్కుమంటుంది.

నలభై ఒకటో రోజు గురువారం వచ్చింది. తలంటు పోసుకుని, దీపం పెట్టి, గూటిలోంచి పుస్తకం తీసి కళ్ళకద్దుకున్నాను. ఎన్ని శనివారాలు దూరంగా ఉన్నానో! పదకొండు గంటల పాల వేళ పుస్తకాన్ని ఎదుట దిండు మీద తెరిచి పెట్టుకుని, అత్త గొంతు వెంబడే చూపు నడిపించాను. మొదటి అయిదు వందలు ఒక్క అక్షరం పొల్లు పోలేదు. మగపిల్లలు తాగి పడుకున్నారు. చిన్నది చేతికొచ్చింది. రెండో సగం మొదలైంది.

కాసేపటికి అత్త పలుకుతున్న శ్లోకం నా ఎదుట లేదు. నేనే దారి తప్పాననుకుని పై వరుస చూశాను, కింది వరుస చూశాను. పుట తిప్పాను. నాలుగు కాగితాలు తిప్పాక దొరికింది. రెండు చోట్ల శ్లోకాలు ఒకేలా మొదలవుతాయి. అత్త మొదటిదాని ఎత్తుగడ అందుకుని నేరుగా రెండోదానిలోకి దాటేసింది. మధ్యలో మూడు వందలకు పైగా నామాలు. మండలిలో నా గొంతు ముందుండి ఆ మలుపు దాటించేది. ఇంట్లో ఆమెకు ముందు ఎవరున్నారు? పుస్తకం లేనిదే పలకలేని నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

చిన్నది అప్పుడే పట్టు కుదుర్చుకుని గుటకలు వేస్తోంది. పదిహేను నిమిషాల్లో సగం కూడా కాకముందే అత్త చివరి శ్లోకం చెప్పేసి చేతులు చాచింది. "ఇటియ్యి పాపా, తేపు తీయిస్తా."

బిడ్డ కళ్ళు వాలిపోతున్నాయి. రోజూ అలాగే వాలేవి. కడుపు నిండి నిద్రపోయిందనుకునేవాళ్ళం. అది అలసి నిద్రపోయేది.

"ఏంది, ఎందుకట్టా చూస్తాండావు?" అంది అత్త.

"అత్తా, నడాన నాలుగు కాగితాలు విడిచేసినాం."

"ఎవురు? నేనా? నలభై ఏండ్లుగా చెప్తాండా!"

"ఉండండి, చదువుతా. వినండి."

విడిచిపోయిన మొదటి శ్లోకం చదివాను. రెండోది ఎత్తుకునేసరికి ఆమె పెదవులు కదిలాయి. మూడోదానికి గొంతు కలిసింది. అన్నీ ఆమెకు వచ్చినవే. ఒకటీ మరిచిపోలేదు. వీధి మలుపులో ఒక పక్కకు తిరిగి వెళ్ళిపోతే మరో పక్కనున్న ఇల్లు కనపడనట్టు, ఆ ఇంటి తలుపు దగ్గరికే పోలేదు. నాలుగో శ్లోకం దగ్గర ఆగిపోయింది. చాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పిల్లను చూసింది.

"సామి పేర్లు తప్పితే సామి పొరుత్తుకుంటాడు, మన్నిస్తాడు," అంది. "బిడ్డ పాలు తప్పితే?"

"నేనూ వింటానే ఉన్నా గదత్తా. నాకూ తెలీలేదు" అన్నాను.

ఆమె ఏడవలేదు. పైట చెంగు బిగించి ముందుకు జరిగింది. "దాని అరికాలు గిల్లు. లేపు. మళ్ళా పట్టు. నువ్వు చదువు, నేను నీ ఎనకాలే వస్తా."

రెండో అయిదు వందలు మళ్ళీ మొదలుపెట్టాం. నేను వేలు పెట్టి చదివాను, ఆమె నా వెనక పలికింది. మధ్యలో రెండు సార్లు చిన్నది నిద్రలోకి జారింది, రెండు సార్లూ అత్తే గిల్లింది. విడిచిపోయిన నామాల చోటికి వచ్చేసరికి బిడ్డ గుటకలు మళ్ళీ ఊపందుకున్నాయి. సాయంత్రం మా ఆయన విషయం విని, హాలు గడియారం తెచ్చి గదిలో మేకుకు తగిలించాడు. అత్త దాని వంక చూసి, "ఉండనీ. దాని పని అది చూసుకుంటాది, నా పని నేను చూసుకుంటా" అంది. ఆ రోజు నుంచి ఆ రెండూ ఒక్క నిమిషం కూడా పోట్లాడుకోలేదు.

మంగళవారం చిన్నదాన్ని తూకం మీద పడుకోబెట్టినప్పుడు అత్త కళ్ళు మూసుకుంది. నేను మూయలేదు. అంకెలు కాసేపు ఆడి నిలబడ్డాయి. రెండు వందల పది గ్రాములు ఎక్కింది. డాక్టరమ్మ బిడ్డను ఎత్తి మళ్ళీ పెట్టి చూసింది. అదే అంకె.

"డబ్బా మొదలుపెట్టారా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "లేదు డాక్టరమ్మా. దాని పాలు దానికిచ్చినాం. అంతే."

మూడో నెలలో ముగ్గురినీ తీసుకుని మండలికి వెళ్ళాం. చెప్పొద్దని నేను బతిమాలినా వినకుండా, అత్త ముందు వరుసలో లేచి నిలబడి అందరికీ తన తప్పు చెప్పింది. "మీరు కూడా నోటికి వస్తాది అని నమ్ముకోబాకండి. అక్షరం వచ్చిన పిల్లని పక్కన పెట్టుకోండి" అంది. ఇన్నేళ్ళలో ఆమె నా కాగితం భక్తిని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నాకది చాలు. ఆ సాయంత్రం నేను చదువుతుంటే మగపిల్లలు మొదటి సగం, చిన్నది రెండో సగం తాగారు. పుట తిప్పే పని మా మండలి ఆడవాళ్ళు చూసుకున్నారు.

ఇప్పుడు చిన్నదానికి నాలుగేళ్ళు. అన్నలిద్దరినీ నెట్టుకుని వచ్చి నానమ్మ ఒళ్ళో కూర్చుంటుంది. రెండో సగంలో ఆ శ్లోకం దగ్గరికి వచ్చినప్పుడు అత్త నా వైపు చూడదు. చిన్నదాని వీపు మీద చెయ్యి వేసి, గొంతు కొంచెం పెంచి, అప్పుడు దాటిపోయిన ఆ తలుపు తీసుకుని లోపలికి నడుస్తుంది.