బంకు దగ్గరే బస్టాపు

ఈ రోజు నేను తోలే సిటీ బస్సులో గ్యాస్ అడుగంటి, ప్రయాణికులతోనే బంకుకు పోవాల్సి వచ్చింది. గ్యాస్ పట్టేటప్పుడు లోపల ఎవరూ ఉండకూడదని అందరినీ కడప ఎండలో దింపాను. ముందు ఆటోల వరుస, పైగా గ్యాస్‌కు ప్రెషర్ లేదు. కంటి ఆసుపత్రికి పోవాల్సిన ఒక అవ్వ, సీటు పోతుందని దానిమీద తువ్వాలు పరిచి మరీ దిగింది. సగం గ్యాస్ ఎక్కేసరికి ఆసుపత్రిలో చీటీలు రాసే వేళ దాటిపోయింది.

"ఇంగ పోయినా చూడరులేప్పా," అంటూ అవ్వ తువ్వాలు తీసుకుంది. "రేపు స్టాపుకాడ నిలబడను. పొద్దున్నే ఈడికే వచ్చి కూచుంటా. నీ బస్సు ఉండేది ఈడనే గదా."

ఎగతాళిగా అనలేదు. నిజమే, రోజూ చాలాసేపు నా బస్సు ఈ బంకు వరుసలోనే ఉంటుంది. స్టాపుల్లో నిలబడి నా బస్సు కోసం ఎదురుచూసేవాళ్లకు ఏం చెప్పాలో మీకేమైనా తోస్తే చెప్పండి.